కిటికీ పక్క మంచం దాకా

ఆయన కాళ్లు ఒకచోట నిలవవు. ఇది ఆయన మీద నింద కాదు, ఆయన బతుకుతెరువు. సినిమాలో హీరో మెట్లు దిగుతుంటే టకటకా వినిపిస్తుందే, ఆ చప్పుడు హీరోది కాదు. షూటింగు రోజున హీరో రబ్బరు చెప్పులేసుకుని దిగి ఉంటాడు, పక్కన జనరేటరు రొద పెడుతూ ఉంటుంది. ఆ రొదంతా తీసి అవతల పారేశాక, తలుపులు బిగించిన ఒక గదిలో, తెర మీద హీరో పాదాలు చూస్తూ ఇంకొకాయన అడుగులు వేస్తాడు. ఆ ఇంకొకాయన ఈయనే. స్టూడియోలో అందరూ చప్పుళ్లాయన అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూడడు.

ఆయన పనిచేసే గదిని మొదటిసారి చూసినవాళ్లు సామాను కొట్టనుకుంటారు. నేల మీద పక్కపక్కన గుంటలు. ఒకదాంట్లో ఇసుక, ఒకదాంట్లో కంకర, ఒకదాంట్లో ఎండుటాకులు. మరోపక్క సిమెంటు పలక, చెక్క పలక, పాలరాతి ముక్క. గోడ వారగా బీరువా నిండా చెప్పులూ బూట్లూ. ఆడవాళ్ల ఎత్తు మడమల చెప్పులు తన కాలికి పట్టేలా వెనక కోయించుకున్నాడు. తెర మీద ఏ అందగత్తె వయ్యారంగా నడిచినా ఆ వయ్యారం బట్టతలా, బొజ్జా ఉన్న ఈ మనిషిదే. తను పడిచచ్చే నటి నడక బావదని తెలిసిన రోజున ఆయన బావమరిదికి అన్నం సయించలేదు.

ఈ పనిలో ఒక పద్ధతి ఉంది. అడుగులు పట్టేటప్పుడు తెర మీద బొమ్మ ఆడుతుంది గానీ మాట వినపడదు. మాట వింటూ నడిస్తే కాళ్లు మాట వెంట పోతాయి. అందుకని గొంతులన్నీ నొక్కేసి, నోళ్లు ఊరికే కదులుతుంటే, పాదాలు మాత్రం చూస్తూ నడవాలి. ఎన్నో సినిమాల్లో నడిచాడు కానీ వాటి కథలు ఆయనకు తెలియవు. ఎవరు ఎవరిని ఎందుకు చంపారో తెలియదు, చంపి ఎలా పరిగెత్తారో తెలుసు.

పద్ధతి స్టూడియోలో ఉంటే బాగానే ఉండేది. ఇంటికి కూడా వచ్చేసింది.

"ఏమండీ, నేను మాట్లాడుతున్నాను," అంటుంది భార్య.

"వింటున్నా."

"ఏం విన్నారు?"

"గరిట గట్టిగా పెట్టావు. కోపంగా ఉన్నావు."

"ఎందుకు కోపమో ఇప్పటిదాకా చెప్పాను కదా!"

ఆయన కూర్చున్న కుర్చీ కింద మడమ టపటపా కొట్టుకుంటూ ఉంటుంది. ఆవిడ నెత్తి కొట్టుకుని లోపలికి పోతుంది. పోయే అడుగుల్ని బట్టి, కోపం తగ్గిందో లేదో ఆయన చెప్పగలడు. కోపం ఎందుకొచ్చిందో మాత్రం ఆ పూట అడిగినా, ఆ తర్వాత ఏడాది అడిగినా చెప్పలేడు.

ఇలాంటి మనిషి మీదికి ఒక పునీతురాలి కాళ్లు వచ్చి పడ్డాయి.

తెచ్చినాయన ఒక ఫాదర్. గుళ్లో పూజ అయ్యీ కాగానే భుజాన కెమెరా వేసుకుని తిరుగుతాడని ఊళ్లో ఆయన్ని కెమెరా ఫాదర్ అంటారు. చురుకైన మనిషి, పని తెలిసిన మనిషి. పూర్వం పిల్లల ఆసుపత్రి నడిపిన ఒక మదర్‌కి ఆ ఏడే రోములో సెయింటుగా పునీత పట్టం ఇచ్చారు. ఆవిడ జీవితం మీద ఆయన డాక్యుమెంటరీ తీస్తున్నాడు. ఆ రోజుల్లో ఎవరో దాత చేతి కెమెరాతో తీసిన కాస్త ఫిల్ము దొరికింది. మూగ ఫిల్ము. పొడుగాటి వార్డు, రెండు వైపులా ఇనుప మంచాలు, నడుమ తెల్లటి అంగీ అంచు కింద నల్ల తోలు బూట్లు. మదర్ నడుచుకుంటూ వార్డు చివర మలుపు తిరిగి కనపడకుండా పోతుంది. కెమెరా మాత్రం ఖాళీ గోడను చూస్తూ అక్కడే ఉండిపోతుంది. ఆ తర్వాత, అప్పట్లో అక్కడ పనిచేసిన ముసలి నర్సు ముఖం వస్తుంది.

"ఈ వార్డుకి అడుగులు కావాలండీ," అన్నాడు ఫాదర్. "చప్పుళ్లు మీ సంగతి, మాటలు నా సంగతి. ఒకరి పొయ్యిలో ఒకరం వేలు పెట్టొద్దు."

చప్పుళ్లాయన తల ఊపాడు గానీ, ఆ మలుపు చూసినప్పటినుంచీ ఆయన గుండెలో రాయి పడింది. ఆ మలుపు అవతల ఒక కిటికీ ఉంటుందని ఆయనకు తెలుసు. ఆ కిటికీ పక్కన ఒక మంచం ఉంటుందనీ తెలుసు. ఆ మంచం మీద ఆయన అక్క చాలాకాలం పడుకుంది.

అక్కకి పదేళ్లప్పుడు వెన్నెముకకు జబ్బు చేసింది. మెడ దగ్గర్నుంచి నడుము కింది దాకా పిండికట్టు వేసి, కదలకుండా వెల్లకిలా పడుకోబెట్టారు. తల అటూ ఇటూ తిప్పడానికి లేదు. పైకప్పూ, కిటికీలోంచి ముక్కంత ఆకాశమూ తప్ప ఏమీ కనిపించేది కాదు. ఊరు దూరం, అమ్మ చంకలో చంటివాడు. ఆ చంటివాడికి ఎప్పుడూ ఏదో ఒక రొంప, ఏదో ఒక జ్వరం. అందుకని అమ్మ రావడం గగనమైంది. ఆ చంటివాడే ఇప్పటి మన చప్పుళ్లాయన. ఈ సంగతి అక్క ఒక్కనాడూ ఎత్తి పొడవలేదు. పొడిస్తే ఆయనకు కాస్త హాయిగా ఉండేదేమో, పొడవలేదు కాబట్టే అది లోపల ముల్లులా ఉండిపోయింది.

ఇంటికి తెచ్చాక కూడా ఆమె కొన్నాళ్లు మంచం మీదే. అమ్మానాన్నా పనికి పోతే, నడక వచ్చిన తమ్ముణ్ణి ఆ మంచం కోడుకి ఓ పాత తువ్వాలుతో కట్టి వెళ్లేవారు. వాడు ఏడవకుండా ఉండటానికి ఆమె ఒక ఆట కనిపెట్టింది.

"ఒరేయ్, విను. వీధిలో ఎవరు?"

"మామ."

"కాదు. మామ కాలు ఈడుస్తాడు. ఇది పోస్టుమాన్. సంచీ బరువుకి ఎడమకాలు గట్టిగా పడుతోంది, చూడు."

వీధి మలుపులో ఉండగానే నాన్న ఏ కోపంతో వస్తున్నాడో చెప్పేసేది. తమ్ముడు మంచం కింద దూరేవాడు. ఆసుపత్రిలో వెల్లకిలా పడి, చెవులతో చూడటం నేర్చుకున్న పిల్ల అది. తను నేర్చుకున్నదంతా తువ్వాలు కట్టిన తమ్ముడికి నూరిపోసింది. ఆ తమ్ముడు ఇప్పుడు దాని మీదే అన్నం తింటున్నాడు. అక్క పెద్దయ్యాక టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో చేరి, జనం గొంతులు కలిపి కలిపి రిటైరై, మేడమీద రెండు గదుల్లో ఒక్కతే ఉంటోంది. పెళ్లి మాటెత్తిన ప్రతివాళ్లకీ వీపు చూపించింది. నడుం ఇప్పటికీ కర్రలా నిటారుగా ఉంటుంది. ఆమె అభిప్రాయాలూ అంతే.

బంధువులందరి ఇళ్లల్లోనూ మదర్ పటం ఉంది. అక్క ఇంట్లో లేదు. ఎవరైనా తెచ్చిస్తే పుచ్చుకుని, అంతే మర్యాదగా పక్కింటావిడకి ఇచ్చేస్తుంది. ఎందుకంటే, "నాకూ ఆవిడకూ మాటల్లేవు," అంటుంది. చుట్టాలతో మాటల్లేనివాళ్లు ఊరినిండా ఉంటారు. పునీతురాలితో మాటల్లేని మనిషి మాత్రం ఈమె ఒక్కతే.

అక్క చిన్నప్పుడు ఆ ఆసుపత్రిలో ఉందని తమ్ముడు నోరు జారి చెప్పడంతో కెమెరా ఫాదర్ కెమెరా పట్టుకుని ఆమె ఇంటికి పరిగెత్తాడు. ఆమె గ్రిల్లు తీయలేదు. లోపలినుంచే, "ఫాదర్, మీరు మెట్లు రెండేసి ఎక్కారు. ఈ వయసులో అలా ఎక్కకండి, మోకాళ్లు పోతాయి," అని చెప్పి పంపేసింది. పాపం, ఆయన అంతదూరం వెళ్లి మోకాళ్ల సలహా తెచ్చుకున్నాడు.

ఇక చప్పుళ్లాయన అడుగుల పనిలో పడ్డాడు. పునీతురాలు కదా అని మెత్తటి అడుగులు వేశాడు. తోలు బూటుకి అడుగున గుడ్డ అంటించి, గచ్చు పలక మీద, దీపం ఆరిపోతుందేమో అన్నట్టు నడిచాడు. సినిమాల్లో మంచివాళ్లందరూ అలాగే నడుస్తారు. గట్టిగా నడిచేది విలన్లూ పోలీసులూ. అద్దం అవతల కూర్చునే మిక్సింగ్ అమ్మాయి "భలే ఉంది సార్, ఒళ్లు జలదరించింది," అంది. ఫాదర్ కూడా మెచ్చుకున్నాడు. అయినా చప్పుళ్లాయనకు నిలకడ లేదు. ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. గుమ్మం దాకా వెళ్తాడు, వెనక్కి వస్తాడు, చెప్పులేసుకుంటాడు, విప్పుతాడు.

"వెళ్లండి," అంది భార్య. "మీ అక్కకి వినిపించి రండి. లేకపోతే ఈ ఇంటి గచ్చు అరిగిపోతుంది."

ఆయన ఫోన్లో ఆ చప్పుడు ఎక్కించుకుని మేడ మెట్లెక్కాడు. అక్క కళ్లజోడు తీసి పక్కన పెట్టి, కళ్లు మూసుకుని వింది. రెండు మూడు అడుగులు విందో లేదో, పెద్దగా నవ్వేసింది.

"ఎవర్రా ఇది? పిల్లిని పెట్టి నడిపించావా?"

"మదర్ అక్కా."

"ఆవిడా? నీ మొహం! పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినదానిలా నడిచేదిరా. ధణ్ ధణ్ ధణ్ అని. ఒక మడమకి ఇనుప నాడా ఊడిపోయింది, రెండో మడమకి ఉంది. ఒక అడుగు మోగేది, ఒకటి మోగేది కాదు. వార్డు అవతలి కొసన తలుపు తీయగానే మాకు తెలిసిపోయేది. మెత్తగా నడవడానికి ఆవిడకి తీరికెక్కడిది?"

ఆయన జేబులోంచి చేతులు తీసి, అక్కడికక్కడే గది ఈ కొస నుంచి ఆ కొసకి నడిచాడు. "ఇలానా?"

"ఇంకా తొందరగా. ఇంకా. ముందుకి వంగు. ఆ... అదీ."

ఆ "అదీ" అన్నప్పుడు ఆమె గొంతు వేరేగా ఉంది. ఆయన నడక ఆపేశాడు. ఆమె కిటికీ వైపు చూస్తూ చెప్పుకుపోయింది. ఇంతకాలంలో ఇంత పొడుగ్గా చెప్పడం అదే మొదటిసారి.

"రోజూ వచ్చేది. మంచాలన్నీ దాటుకుంటూ వచ్చేది. ఏదో ఒక మంచం దగ్గర ఆగేది. అక్కడ కూర్చునేది. స్టూలు లాక్కున్న చప్పుడు, ఏదో మెల్లగా పాడటం... అన్నీ వినపడేవి. నేను కళ్లు మూసుకుని అనుకునేదాన్ని, ఈరోజు నా దగ్గరే అని. మలుపు తిరిగేది, కిటికీ దాకా వచ్చేది, ఇక ఆగుతుంది అనుకునేసరికి ఇంకా తొందరగా దాటి పోయేది. ఒక్కసారి, ఒక్క పూట ఆగలేదురా. ఆగిన మంచం పిల్ల మర్నాడు ఇంటికి వెళ్లిపోయేది. వాళ్లమ్మ వచ్చి తీసుకెళ్లిందని ఆయా చెప్పేది. ఆవిడ ఆగితే అమ్మ వస్తుందని నా లెక్క. ఆవిడ ఆగలేదు. అమ్మ రాలేదు."

ఈ మాట ఇంకెవరి చెవిన పడినా ఒక్క క్షణం నిలబడి ఆలోచించేవారు. అక్కే ఎందుకు ఆలోచించలేదంటే, అది పదేళ్ల పిల్ల మూటగట్టి అటక మీద పడేసిన మాట. మూట ఉందని తెలుసు, కోపం తెలుసు, విప్పి చూసే పని మాత్రం ఎప్పుడూ పెట్టుకోలేదు. చిన్నప్పటి కోపానికి వయసు రాదు. ఇక చప్పుళ్లాయన సంగతి చెప్పేదేముంది? ఆయన మాటలు వినలేదు. గొంతు విన్నాడు. "అమ్మ రాలేదు" అన్న దగ్గర ఆ గొంతు సన్నగా చీలడం విన్నాడు. అమ్మ చంకలో ఉన్నది తనే అన్నది ఒక్కటే ఆయనకు గుచ్చుకుంది.

మెట్లు దిగుతూనే ఆయన నిశ్చయించుకున్నాడు. మదర్ ఆగుతుంది. ఆగి తీరుతుంది. ఆవిడ ఆగకపోతే నేను ఆపుతాను.

ఆపడానికి అడ్డేమీ లేదు కూడా. మలుపు తిరిగాక మదర్ బొమ్మలో ఉండదు, గోడే ఉంటుంది. బొమ్మలో లేని మనిషి ఎంతదూరం నడిచిందో, ఎక్కడ నిలబడిందో అంతా అడుగులేసేవాడి చేతిలో పని. కిటికీ దాకా నడిపించి అక్కడ ఆపితే, వినేవాళ్లకి మదర్ కిటికీ పక్కన ఆగినట్టే. అప్పుడు ఆగని ఆవిడ ఇప్పుడు ఆగుతుంది. అక్క వింటుంది. అంతకంటే అక్కకి తను ఇవ్వగలిగింది ఏముంది?

"సినిమాలో ఆపితే మీ అక్క మనసులో ఆగినట్టా?" అంది భార్య.

"నీకు తెలీదు."

"సరే, నాకు తెలీదు. ఆ ముసలి నర్సు ఏం చెప్తోందో ఒకసారి వినొచ్చు కదా?"

"మాటలు ఫాదర్ సంగతి."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లన్న మనిషితో ఎవరు వాదిస్తారు? ఆవిడ గరిట గట్టిగా పెట్టి ఊరుకుంది.

పాతసామాను వాడి దగ్గర బరువైన తోలు బూట్లు వెతికి తెచ్చాడు. ఒక మడమకి నాడా కొట్టించాడు, రెండోదానికి కొట్టించలేదు. గచ్చు పలక మీద ముందుకి వంగి, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినవాడిలా నడిచాడు. ఒకటి మోగేది, ఒకటి మోగనిది. ఇంతకాలం నడిచిన నడకల్లో ఏదీ ఆయన సొంతం కాదు గానీ ఇది మాత్రం సొంతంలా అనిపించింది. నిలకడ లేని ఆ నడక ఆయన కాళ్లకి పుట్టుకతోనే వచ్చు. తెర మీద మదర్ మలుపు తిరిగింది. గోడ వచ్చింది. ఆయన అడుగులు సాగాయి, కిటికీ దాకా వెళ్లాయి, నెమ్మదించాయి, ఆగాయి. ఒక స్టూలు లాగిన చప్పుడు కూడా పెట్టాడు. చెమటతో చొక్కా తడిసిపోయింది. తెర మీద ముసలి నర్సు వచ్చి నోరు కదిపింది, చేతులు తిప్పింది, కళ్లు తుడుచుకుంది. ఆమె ఏమంటోందో ఆయన చూడలేదు. నర్సు కూర్చునే ఉంది, పాదాలు కదలలేదు, కాబట్టి ఆయనకు పని లేదు.

మాటలూ, చప్పుళ్లూ, పాటా అన్నీ కలిపి మొదటిసారి వేసి చూసే రోజు వచ్చింది. అక్కని రమ్మని బతిమాలాడు. ఆమె మొదట కుదరదంది. ఆ తర్వాత, "నడక సరిగ్గా వచ్చిందో లేదో చూడ్డానికి వస్తాను. ఆవిడ కోసం కాదు," అని కొత్త చెప్పులేసుకుని బయల్దేరింది. ఆ చెప్పుల చప్పుడు వింటూ పక్కన నడుస్తుంటే చప్పుళ్లాయనకు కాళ్లు నేల మీద ఆనలేదు. బహుమతి దాచిపెట్టుకున్న పిల్లాడిలా తబ్బిబ్బయిపోతున్నాడు.

మిక్సింగ్ గదిలో ముందు వరసలో అక్క, ఆమె పక్కన ఫాదర్, వెనక గోడకి ఆనుకుని చప్పుళ్లాయన. కూర్చోమంటే కూర్చోడుగా. దీపాలు తగ్గాయి. మదర్ చిన్నతనం, మఠంలో చేరడం, ఆసుపత్రి కట్టడం అన్నీ అయ్యాయి. ఆయన ఒక్కటీ చూడలేదు. వెనకనుంచి అక్క తల చూస్తూ నిలబడ్డాడు.

వార్డు వచ్చింది. అవతలి కొసన తలుపు తెరుచుకుంది.

ధణ్. ధణ్. ఒకటి మోగేది, ఒకటి మోగనిది. అక్క భుజాలు బిగుసుకుపోయాయి. చేయి వెళ్లి ముందున్న బల్ల అంచు పట్టుకుంది. అదీ, అనుకున్నాడు తమ్ముడు.

అడుగుల మీద నర్సు గొంతు మొదలైంది. ఆ గొంతు ఆయన వినడం అదే మొదలు.

"సాయంత్రం రౌండుకి వచ్చి డాక్టరుగారు మదర్‌కి చెప్పేవారండీ, ఫలానా పిల్ల ఈ రాత్రి దాటదు అని. మదర్ ఆ మంచం దగ్గరే ఆగేది. స్టూలేసుకుని, చేయి పట్టుకుని, ప్రాణం పోయేదాకా పాడుతూ కూర్చునేది. పిల్లలు బెదిరిపోతారని పొద్దున్నే మిగతావాళ్లకి, వాళ్లమ్మ వచ్చి తీసుకెళ్లిందని చెప్పేవాళ్లం. నేను ఆయానండీ అప్పుడు. నేనే చెప్పేదాన్ని."

చప్పుళ్లాయన అక్క మీంచి చూపు తీసి తెర వైపు తిరిగాడు.

"మిగతా మంచాలన్నీ పరుగులాగా దాటేసేది. 'నేను దాటేసిన మంచం దేవుడు మనకి వదిలిన మంచమే' అనేది. కిటికీ పక్కన పిండికట్టులో ఒక పిల్ల ఉండేదండీ. కళ్లు మూసుకుని వింటూ పడుకునేది. ఆ పిల్లంటే మదర్‌కి ప్రాణం. ప్రాణమే గానీ ఆ మంచం దగ్గరికి వచ్చేసరికి వణికిపోయేది. జపమాల గట్టిగా పట్టుకుని, 'ఇక్కడ నన్ను ఆపకు స్వామీ, ఈ మంచం దగ్గర మాత్రం ఆపకు' అని గొణుక్కుంటూ ఇంకా వేగంగా దాటేసేది. చివరికి ఆ పిల్ల లేచి నడిచి ఇంటికెళ్లిందండీ. ఆవేళ మదర్ వెనక వరండాలో ఒక్కతే కూర్చుని ఏడ్చింది."

తెర మీద ఖాళీ గోడ. అడుగులు మలుపు తిరిగాయి. కిటికీ దాకా వచ్చాయి. నెమ్మదించాయి.

ఆపండి అని అరుద్దామనుకున్నాడు. నోటికంటే ముందు కాలు గోడకి టపటపా కొట్టుకుంది.

అడుగులు ఆగాయి. స్టూలు లాగిన చప్పుడు వినిపించింది.

"ఆపావేంట్రా!" అక్క లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి పడింది. "ఎందుకాపావు? ఇక్కడెందుకాగింది? వెళ్లమను! వెళ్లమనరా!"

మిక్సింగ్ అమ్మాయి గబుక్కున అన్నీ ఆపేసింది. ఫాదర్ ఒకసారి అక్కనీ, ఒకసారి ఆమె నిటారు నడుమునీ చూసి, నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు. చప్పుళ్లాయన గోడ పట్టుకుని ముందుకొచ్చాడు. అక్కకి తనిచ్చిన బహుమతి ఏమిటో ఆయనకు అప్పుడు పూర్తిగా బోధపడింది. ఆ మంచం మీద ఆ పిల్లని తన కాళ్లతో తనే చంపాడు.

"నేను వినలేదక్కా," అన్నాడు. "మాటలు వినలేదు. నీ కోసమని..."

"తెలుసురా."

"ఆగితే నీకు బాగుంటుందని..."

"తెలుసన్నానుగా, ఏడవకు." ఏడుస్తున్నది ఆమే. ముక్కు చీది, కొంగుతో తుడుచుకుని, పడిపోయిన కుర్చీని తనే లేపి నిలబెట్టింది. "నేను కళ్లు మూసుకుని ఆగు ఆగు అంటున్నాను. ఆవిడ ఆపకు ఆపకు అంటోంది. ఇద్దరం ఒక్క దేవుణ్ణే అడిగాం. ఆయన ఎవరి మాట వినాలో తెలియక చచ్చుంటాడు." నవ్వబోయింది గానీ, నవ్వు సగంలోనే ఏడుపైపోయింది.

ఫాదర్ ఏదో చెప్పబోయాడు. ఇది మదర్ చేసిన అద్భుతం అనే మాట ఆయన నాలిక చివరి దాకా వచ్చినట్టుంది. అక్క చూపు చూసి మింగేశాడు.

"ఒరేయ్," అంది తమ్ముడితో. "మళ్లీ నడు. ఇప్పుడే నడు. నేనిక్కడే ఉంటాను."

చప్పుళ్లాయన బూట్లు వేసుకుని, అద్దం అవతల తన గదిలోకి వెళ్లాడు. వంగి లేసులు బిగించాడు. మిక్సింగ్ అమ్మాయి మైకులో, "మాటలు మ్యూట్ చేస్తున్నా సార్," అంది.

"వద్దమ్మా," అన్నాడు. "మాటలు ఉండనీ."

అన్నేళ్ల పద్ధతి ఆయన మొదటిసారి తప్పాడు. చెవికి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. వార్డు వచ్చింది, తలుపు తెరుచుకుంది. ముందుకి వంగి నడక మొదలుపెట్టాడు. చెవుల్లో నర్సు చెప్పుకుపోతోంది. డాక్టరుగారూ, స్టూలూ, పాటా, వాళ్లమ్మ వచ్చి తీసుకెళ్లిందని చెప్పడం. ఒక్కో మాటా కాలికి అడ్డం పడుతోంది. అయినా నడిచాడు. తెర మీద మదర్ మలుపు తిరిగింది. గోడ వచ్చింది. కిటికీ దగ్గరికి వచ్చేసరికి ఆయన కాళ్లు బరువెక్కాయి. అక్కడ పదేళ్ల పిల్ల కళ్లు మూసుకుని ఎదురుచూస్తోంది. అమ్మ రాలేదు. అమ్మ చంకలో తనున్నాడు. ఇన్నేళ్లలో ఒకచోట నిలవని కాళ్లు అక్కడ ఆగిపోతామని మొండికేశాయి. నాడా ఉన్న మడమ గాల్లో తటపటాయించింది.

ఆయన తలెత్తి అద్దంలోంచి చూశాడు. అక్క మిక్సింగ్ బల్ల మీదికి వంగి, ఆ అమ్మాయి మైకు గుంజుకుంటోంది. మరుక్షణం ఆమె గొంతు హెడ్‌ఫోన్లలో నర్సు మాటల మీద పడింది.

"వెళ్లనీరా. పొయ్యి మీద పాలున్నాయి, ఆవిణ్ణి వెళ్లనీ."

ఆయన మడమ దించి, అడుగు మీద అడుగు గబగబా వేసుకుంటూ కిటికీ దాటేశాడు. గచ్చు పలక అయిపోయినా ఆగలేదు. కంకర గుంట తొక్కుకుంటూ, ఇసుక తొక్కుకుంటూ అవతలి గోడ దాకా పోయి, గోడకి తల ఆనించి నిలబడ్డాడు.

కంకర చప్పుడూ, అక్క గొంతూ కలిసిపోయి ఆ టేకు పాడైపోయింది. ఆయన ముఖం తుడుచుకుని మళ్లీ మొదటికి వచ్చి నిలబడ్డాడు, మిక్సింగ్ అమ్మాయి బొమ్మని వెనక్కి తిప్పింది. అక్క కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుంది.